చిప్ప పుండు నుంచి మా తాబేలు కోలుకున్న తీరు

మా పై అంతస్తులో ఉండే కుటుంబం ఉద్యోగరీత్యా పుణేకు మారిపోతూ, పిల్లలు ముచ్చటపడి కొనుక్కున్న తాబేలును మాకు అప్పగించే నాటికే దాని చిప్ప బాగా పాడైపోయి ఉంది. అది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే జాతి తాబేలు. కళ్ల వెనుక ఎర్రని చార ఉంటుంది కనుక చూడగానే గుర్తుపట్టవచ్చు. అమెరికాలోని మిసిసిపి నదీ పరీవాహక ప్రాంతం దీని స్వస్థలం. నక్షత్ర తాబేలు వంటి మన దేశపు జాతులను ఇంట్లో పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు కాబట్టి, హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో ఈ విదేశీ జాతి పిల్లలే ఎక్కువగా కనిపిస్తాయి. పై అంతస్తు వారు మొదట దానిని దగ్గరలోని చెరువులో వదిలేద్దామనుకున్నారు. ప్రపంచంలో అత్యంత హాని చేసే నూరు పరాయి జాతుల జాబితాలో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దీనిని చేర్చింది. చెరువులో పడితే మన నీటి తాబేళ్ల తిండికీ, అవి ఎండ కాచుకునే చోటికీ పోటీకి వస్తుంది. ఆ సంగతి చెప్పి, అది మా ఇంట్లో ఉంటుందని మావారు మాట ఇచ్చేశారు. పిల్లలు దానికి పెట్టుకున్న పేరు కూర్మయ్య.

దానితో పాటు వచ్చిన సరంజామా చూస్తే జబ్బుకు కారణాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక గాజు తొట్టి, అడుగున రంగు రంగుల గులకరాళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న దిమ్మె, ఒక డబ్బాలో ఎండు రొయ్యలు. ఆ దిమ్మె అరచేతిలో పట్టే పిల్ల తాబేలుకు సరిపోయేదే తప్ప, పదహారు సెంటీమీటర్ల చిప్పతో ఉన్న జంతువు దాని మీదికి ఎక్కే వీలే లేదు. అంటే అది కొన్నేళ్లుగా ఒంటి మీద తడి ఆరకుండా బతికిందన్నమాట. దీపం లేదు, వడపోత యంత్రం లేదు. దుకాణదారు ఇవేవీ అవసరమని చెప్పలేదట. అమ్మేవారు చెప్పాల్సిన మొదటి మాటే ఇది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తాబేలును కిటికీ వెలుతురులో తువాలు మీద పెట్టి చూశాను. వీపు మీద వెన్నెముక వెంబడి వరుసగా ఉండే ఐదు పలకల్లో మూడో దాని మీద మినపగింజంత గుంట ఉంది. దానిలో తడిసిన సుద్దలా తెల్లటి పదార్థం నిండి ఉంది. పక్క పలక అంచు కొద్దిగా పైకి లేచి, కింద గోధుమరంగు చెమ్మ కనిపించింది. ముక్కు దగ్గరగా పెడితే నీచు వాసన కాదు, కుళ్లు వాసన వచ్చింది. తిప్పి చూస్తే పొట్ట వైపు చిప్ప మీద గులకరాళ్లు గీసిన గాట్లు, వాటి చుట్టూ లేత గులాబీ మరకలు ఉన్నాయి. వెనుక అంచును బొటనవేలితో మెల్లగా నొక్కితే కొంచెం లోపలికి వంగింది. ఎదిగిన తాబేలు చిప్ప అలా వంగకూడదు. కళ్ల రెప్పలు కూడా ఉబ్బి ఉన్నాయి.

చిప్ప మీద కనిపించే ప్రతి మచ్చా జబ్బు కాదని తర్వాత తెలుసుకున్నాను. ఈ తాబేళ్లు ఎదిగేటప్పుడు పై పలకల పొరలను విడుస్తాయి. అలా రాలే పొర పలచగా, అద్దంలా ఉంటుంది, దాని కింద చిప్ప గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది. బోరు నీళ్లలోని సున్నం వల్ల కూడా తెల్లటి మచ్చలు పడతాయి. ఆరినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించి, తడిపితే మాయమవుతాయి. పాచి పడితే ఆకుపచ్చగా ఉండి బ్రష్షుకు వచ్చేస్తుంది. మెత్తదనం, దుర్వాసన, గుంట, గులాబీ రంగు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఆ డాక్టరును వెతకడమే పెద్ద పని అయింది. నగరంలో కుక్కలను, పిల్లులను చూసేవారు వీధికొకరు ఉన్నారు; సరీసృపాలను చూసేవారు చాలా తక్కువ. ఒకచోట చిప్పను చూడకుండానే విటమిన్ చుక్కలు రాసి పంపేశారు. పశువుల మందుల దుకాణంలో ఒకాయన, పురుగు పట్టిందేమో ఐవర్‌మెక్టిన్ వేయమని సలహా ఇచ్చాడు. ఆవులకు, గొర్రెలకు ధారాళంగా వాడే ఆ మందు తాబేళ్లకు విషమని, పక్షవాతం వచ్చి చనిపోతాయని మేము చివరికి చేరిన డాక్టరుగారు చెప్పినప్పుడు, ఆ దుకాణం నుంచి ఊరికే వచ్చేసినందుకు ఊపిరి పీల్చుకున్నాం.

ఆ డాక్టరుగారు ముందు దానిని తూకం వేశారు, మందు మోతాదంతా బరువు మీదే ఆధారపడుతుంది కాబట్టి. తోకను, ముందు కాళ్ల గోళ్లను చూసి నవ్వుతూ, "అమ్మా, ఇది కూర్మయ్య కాదు, కూర్మమ్మ" అన్నారు. ఈ జాతిలో మగవాటికి ముందు కాళ్ల గోళ్లు బాగా పొడవుగా ఉంటాయి, తోక లావుగా ఉంటుంది. ఆడవి మగవాటి కంటే పెద్దగా ఎదుగుతాయి. మా ఇంట్లో పేరు మాత్రం మారలేదు. తర్వాత ఎక్స్-రే తీయించారు. తాబేలు చిప్ప మనం అనుకున్నట్టు పైన తొడిగిన మూత కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన ఎముక పలకల మీద, మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారైన పలచని పలకలు అతికి ఉంటాయి. పుండు పై పలకకే పరిమితమైతే ఒక సంగతి, ఎముకలోకి దిగితే మరొక సంగతి, ఎముకను దాటి లోపలి పొరకు చేరితే ప్రాణానికే ముప్పు. మా దానికి ఒక్క గుంట దగ్గర ఎముక పైభాగం దెబ్బతింది. చిప్ప మొత్తంలో ఎముక సాంద్రత తక్కువగా ఉందని, దానికి కారణం ఎండ, కాల్షియం కొరవడడమని కూడా ఆ చిత్రంలోనే చూపించారు.

ఆయన గుంటలోని తెల్లటి పదార్థాన్ని చిన్న పరికరంతో గీకి తీశారు. లేచిన పలక అంచును కత్తిరించి, కింద దాగిన చెమ్మకు గాలి తగిలేలా తెరిచారు. అడుగు నుంచి దూది పుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపారు. చిప్ప పుండ్లలో సిట్రోబ్యాక్టర్, ఏరోమోనాస్, సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా తరచుగా దొరుకుతాయని, ఏది ఉందో తెలియకుండా యాంటీబయాటిక్ మారుస్తూ పోతే చివరికి ఏదీ పనిచేయదని వివరించారు. రక్తంలోకి పాకుతున్న సూచనగా పొట్ట వైపు గులాబీ మరకలు ఉండడంతో ఫలితం వచ్చేవరకు ఆగకుండా సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. సరీసృపాల ఒంట్లో అది నెమ్మదిగా ఖర్చవుతుంది కనుక మూడు రోజులకొకసారి ఇస్తే చాలట. వెనుక కాళ్ల రక్తం ముందుగా మూత్రపిండాల గుండా వెళ్లే అవకాశం ఉన్నందున సూదిని ఎప్పుడూ ముందు కాలికే వేసేవారు.

నేను మందుల చీటీ కోసం చేయి చాపితే ఆయన అన్న మాట ఇది: "ముందు దీన్ని నీళ్లలోంచి తీయండి. మందు సంగతి తర్వాత." నీటి తాబేలును నీళ్లలోంచి తీయడమేమిటని నాకు అనుమానం వచ్చింది. కానీ వైద్యంలో అసలు భాగం అదే అని ఆ తర్వాతి వారాల్లో అర్థమైంది. క్రీము ఎంత మంచిదైనా నీటిలోకి దిగగానే కడిగేసుకుపోతుంది. పుండు తడిగా ఉన్నంతకాలం బ్యాక్టీరియాకు పండగే.

ఆనాటి నుంచి మా దినచర్య ఇలా సాగింది. పొద్దున పుండ్లను శుభ్రం చేసే పొవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని పలచటి టీ రంగు వచ్చేవరకు నీళ్లలో కలిపి, పసిపిల్లల మెత్తటి టూత్‌బ్రష్షుతో గుంటలను, పలకల మధ్య గీతలను మెల్లగా రుద్దేదాన్ని. కాసేపు ఆ ద్రావణాన్ని అలాగే ఉండనిచ్చి, మంచినీళ్లతో కడిగి, పాత నూలు చీర ముక్కతో అద్ది, పూర్తిగా ఆరాక కాలిన గాయాలకు వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమును పలచగా రాసేదాన్ని. తర్వాత తువాలు పరిచిన ప్లాస్టిక్ పెట్టెలో, ఒక మూల వేడి దీపం, మరో మూల నీడ ఉండేలా పెట్టేవాళ్లం. నున్నటి టైల్స్ మీద వదిలితే కాళ్లు జారి కీళ్లు దెబ్బతింటాయి కాబట్టి గుడ్డ తప్పనిసరి. సాయంత్రం గోరువెచ్చని శుభ్రమైన నీళ్ల తొట్టిలో గంటో రెండు గంటలో వదిలితే అక్కడే తిని, తాగి, విసర్జించేది. ఈ జాతి తాబేళ్లు నీళ్లలో ఉంటే తప్ప తిండి మింగలేవు, కనుక ఆ సమయాన్ని తగ్గించడానికి వీల్లేదు. రాత్రి మళ్లీ పొడి పెట్టెలోకి చేరేది. మొదటి వారం అది పెట్టె గోడలను గీరుతూ నిరసన తెలిపింది. రాత్రి హాల్లో ఆ చప్పుడుకు అత్తయ్యగారు లేచి కూర్చునేవారు.

అత్తయ్యగారిది మంచి మనసు. "కాస్త పసుపు అద్ది చూడమ్మా, ఎంతటి పుండైనా మానుతుంది" అని రోజూ అనేవారు. డాక్టరుగారిని అడిగితే, పసుపు ముద్ద గుంటలో గట్టిపడి కింద ఏం జరుగుతోందో కనిపించకుండా చేస్తుందని, రంగు పట్టాక గులాబీ మరకలు తెలియవని వద్దన్నారు. కొబ్బరి నూనె రాస్తే చిప్ప మెరుస్తుంది, నిజమే; ఆ జిడ్డు కింద చెమ్మ ఆరదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పొంగుతుంటే శుభ్రమవుతోందని సంతోషపడతాం కానీ, అది కొత్తగా వచ్చే కణజాలాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఇవన్నీ విన్న తర్వాత అత్తయ్యగారు పసుపు మాట మానేసి, సాయంత్రం తిండి పెట్టే బాధ్యత తీసుకున్నారు.

ఇల్లు మార్చకుండా వైద్యం చేసి లాభం లేదు కనుక, అది పొడి పెట్టెలో ఉన్న కాలంలోనే కొత్త తొట్టి సిద్ధం చేశాం. చిప్ప పొడవు ఒక్కో అంగుళానికి సుమారు 38 లీటర్ల నీళ్లు ఉండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. సిమెంటు తొట్టి గరుకుగా ఉండి పొట్ట చిప్పను గీస్తుంది కాబట్టి పెద్ద నల్లని ప్లాస్టిక్ తొట్టి కొన్నాం. అడుగున రాళ్లు వేయలేదు. చేపల తొట్టెలకు పెట్టే చిన్న వడపోత ఈ జంతువు మురికికి ఏ మూలకూ చాలదు. బయట పెట్టుకునే పెద్ద డబ్బా ఫిల్టరు తీసుకోవలసి వచ్చింది, మొత్తం ఖర్చులో అదే పెద్ద పద్దు. విసర్జన వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా ఎంతుందో చూపే పరీక్ష సీసాలు దొరుకుతాయి. కంటికి నీళ్లు తేటగా కనిపిస్తున్నప్పుడు కూడా అమ్మోనియా ఎక్కువగా ఉండడం నేను స్వయంగా చూశాను.

దీపాల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. తాబేలు ఎండ కాచుకునే దిమ్మె మీద 32 నుంచి 35 డిగ్రీల వేడి ఇచ్చే దీపం ఒకటి, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీబీ కిరణాలు ఇచ్చే దీపం మరొకటి కావాలి. ఆ కిరణాలు తగిలితేనే చర్మంలో విటమిన్ డీ3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి కిటికీ అద్దం వెనుక ఎండలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఒక దుకాణంలో యూవీ దీపం అడిగితే నీళ్లలో క్రిములను చంపే యూవీసీ దీపం చూపించారు. అది పెడితే తాబేలు కళ్లూ మన కళ్లూ కూడా దెబ్బతింటాయి. అసలైన యూవీబీ దీపం వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాది లోపు దాని శక్తి తగ్గిపోతుంది. అందుకే మావారు దాని మీద మార్కర్‌తో కొన్న తేదీ రాసి పెడతారు. వీటన్నిటికంటే నిజమైన ఎండ మేలు. పొద్దుటి ఎండలో బాల్కనీలో, సగం తొట్టి నీడలో ఉండేలా, పక్కనే మనిషి కూర్చుని ఉంటేనే బయట పెట్టేవాళ్లం. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో నీడ లేని టబ్బులో వదిలితే తాబేలు చాలా త్వరగా చనిపోతుంది. కాకుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తిండి మార్చడం నేను అనుకున్నదానికంటే కష్టమైంది. ఎండు రొయ్యల్లో పోషకాలు సమపాళ్లలో లేవు, విటమిన్ ఏ దాదాపు లేదు. కళ్ల రెప్పలు ఉబ్బడానికి కారణం ఆ లోపమే. విటమిన్ ఏ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడిపోయే ప్రమాదం ఉన్నందున, డాక్టరుగారు తిండి ద్వారానే సరిచేద్దామన్నారు. నాణ్యమైన తాబేటి గుళికలు, తోటకూర, తురిమిన క్యారెట్, గుమ్మడి ముక్కలు, వారానికి ఒకటి రెండుసార్లు ముల్లుతో సహా చిన్న చేపలు అని జాబితా రాసిచ్చారు. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కనుక దానిని అరుదుగానే పెట్టమన్నారు. కూర్మయ్య రోజుల తరబడి ఆకును ముట్టలేదు. చివరికి అత్తయ్యగారు తోటకూర ఆకులో చిన్న చేప ముక్క చుట్టి, నీళ్లలో కదిలించి చూపడం మొదలుపెట్టారు. ముక్కతో పాటు ఆకూ లోపలికి పోయింది. కాల్షియం కోసం పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగును, అంటే ఎండిన కటిల్ ఫిష్ ఎముకను, గట్టి పెంకు భాగం తీసేసి నీళ్లలో తేలేలా వేసేవాళ్లం. దానిని కొరుక్కుంటూ ఉండడం వల్ల దవడ అంచు కూడా సరిగ్గా అరిగింది.

తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నది ఇంట్లో కచ్చితమైన నియమం. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పిల్లలకు జబ్బులు వస్తున్నాయని అమెరికాలో నాలుగు అంగుళాల లోపు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. దాని బ్రష్షు, గిన్నె, గుడ్డ వేరు. వంటింటి సింకు దగ్గరకు దాని తొట్టి నీళ్లు రానివ్వం.

మానడం ఎలా ఉంటుందంటే, ముందు వాసన పోతుంది. ఆ తర్వాత గుంటలోని మెత్తదనం పోయి, గోరుతో తాకితే టక్కుమనేంత గట్టిగా, పొడిగా మారుతుంది. గులాబీ మరకలు వెలిసిపోతాయి. అక్కడితో కంటికి కనిపించే మార్పు ఆగిపోతుంది. నెలలు గడిచినా గుంట గుంటలాగే ఉంది, రంగు మాసిన తెలుపే. నేను మొబైల్లో అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలను వరుసగా చూసుకుంటే తప్ప తేడా తెలియలేదు. సరీసృపాల ఎముక మానడానికి నెలలు కాదు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పినా, మనిషి ఓపిక వేరు కదా.

గట్టిపడ్డాక పొడి పెట్టె సమయాన్ని క్రమంగా తగ్గించి, కొత్త తొట్టిలోకి మార్చాం. అది మొదటిసారి దిమ్మె మీదికి ఎక్కి, నాలుగు కాళ్లూ బార్లా చాపి దీపం కింద పడుకున్నప్పుడు మావారు ఆఫీసు ఫోను పెట్టేసి మరీ వచ్చి చూశారు.

డిసెంబరులో ఒక వెనుకంజ పడింది. రాత్రి చలి బాగా పెరిగిన రోజుల్లో కరెంటు పోయి నీటి హీటరు ఆగిపోవడంతో తొట్టి చల్లబడింది. తాబేలుకు సొంత ఒంటి వేడి ఉండదు. నీళ్లు చల్లబడితే అరుగుదల, రోగనిరోధక శక్తి రెండూ మందగిస్తాయి. రెండో రోజుకు తిండి మానేసింది, పొట్ట మీద లేత గులాబీ ఛాయ మళ్లీ కనిపించింది. ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాం. రక్తపరీక్ష చేసి, యాంటీబయాటిక్ మరో విడత ఇచ్చి, 28 డిగ్రీలకు తగ్గకుండా పొడి పెట్టెలో ఉంచమన్నారు. అప్పటి నుంచి హీటరుకు ఇన్వర్టరు లైను ఇచ్చాం. తాబేలు గుద్ది పగలగొట్టకుండా దాని చుట్టూ చిల్లుల ప్లాస్టిక్ గొట్టం కూడా తొడిగాం.

వేసవి వచ్చేసరికి గుంట ఉన్న పలక అంచులు చుట్టూ లేచాయి. లాగి తీసేయాలని చేతులు ఉవ్విళ్లూరాయి. కింది పొర సిద్ధం కాకుండా లాగితే పచ్చిగాయం అవుతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పి ఉన్నారు. ఒక పొద్దున ఫిల్టరు నోటి దగ్గర ఆ ముక్క అడ్డం పడి కనిపించింది. దాని లోపలి వైపు గుంట ఉన్నచోట చనిపోయిన ఎముక పొర పెళుసుగా అతుక్కుని ఉంది. చిప్ప మీద ఆ స్థానంలో బూడిద కలిసిన పసుపు రంగులో కొత్త కెరటిన్ పొర, నున్నగా, గట్టిగా ఏర్పడింది. పల్లం మాత్రం పూర్తిగా పూడలేదు, పాత చారల గీతలు అక్కడ తిరిగి రాలేదు. అవి రావని డాక్టరుగారు అన్నారు. ఆ తర్వాత తీసిన ఎక్స్-రేలో ఎముక అంచులు స్పష్టంగా, మునుపటికంటే దట్టంగా కనిపించాయి. వెనుక అంచు ఇప్పుడు నొక్కితే వంగడం లేదు.

ఈ ఏడాది కొత్త వ్యవహారం మొదలైంది. మగ తాబేలు తోడు లేకపోయినా ఆడవి గుడ్లు పెడతాయి, ఆ గుడ్ల పెంకులకు కావలసిన కాల్షియాన్ని ఒంట్లోంచే తీసుకుంటాయి. కూర్మయ్య తిండి తగ్గించి, దిమ్మె మీద వెనుక కాళ్లతో తవ్వుతున్నట్టు గీరడం చూసి డాక్టరుగారికి ఫోను చేస్తే, తడి ఇసుక నింపిన పెట్టె పెట్టమని, గుడ్లు లోపల ఆగిపోతే ప్రమాదమని చెప్పారు. ఇసుకలో గుంట తవ్వుకుని కొన్ని గుడ్లు పెట్టింది. పెంకులు పలచగా ఉన్నాయి. సముద్రపు నురుగు మోతాదు పెంచాం, యూవీబీ దీపం గడువు రాకముందే మార్చాం. కొత్తగా గట్టిపడిన చిప్ప మీద ఈ గుడ్ల భారం ఎంత పడిందో చూడడానికి వర్షాకాలం కాగానే మరో ఎక్స్-రే తీయించాలి.